ఓటీపీ సూరత్‌లో, సినిమా ఎవరింట్లో?

మా అమ్మకి సినిమా చూడాలనిపించింది. తప్పు ఆమెదే. డెబ్బై ఆరేళ్ల వయసులో, మోకాళ్లకి నూనె రాసుకుంటూ, ఆదివారం సాయంత్రం ఆరున్నరకి, "ఒరే, ఆ సినిమా ఓపాలి ఎట్టరా, మీ నాన్నతోటి చూసింది" అంది. పెళ్లయిన కొత్తలో నాన్న ఆమెని నౌపడా వెళ్లే చిన్న రైలు ఎక్కించి, టెక్కలి తీసుకెళ్లి చూపించాడట. నలుపు తెలుపు సినిమా. పేరు మాత్రం చెప్పను. చెబితే ఫలానా యాప్‌లో ఉందని మీలో నలుగురు చెబుతారు, నేను చందా కట్టేసరికి అక్కడి నుంచి కూడా ఎత్తేస్తారు.

ఈ కోరిక తీర్చడానికి మా ఇంట్లో ఏమేం ఉన్నాయో ముందు మనవి చేసుకుంటాను. గోడకి నలభై మూడు అంగుళాల టీవీ. మేడ మీద నుంచి లాగిన ఫైబర్ వైరు. డబ్బు కట్టిన చందాలు ఐదు. ఫోన్ రీఛార్జితో ఊరికే వచ్చినవి రెండు. ఆ రెంటిలో ఒకటి ఫోన్‌లోనే ఆడుతుంది, టీవీలోకి రానంటుంది. ఇంత సరంజామా పెట్టుకుని ఒక్క సినిమా చూడలేకపోవడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. దానికోసం ఒక పరిశ్రమ మొత్తం ఏళ్ల తరబడి చెమటోడ్చాలి. ఆ కష్టానికి తగిన గుర్తింపు రాలేదన్న బాధతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశా కాగితాల్లో పారలాఖెముండి, గజపతి జిల్లా కేంద్రం. రైలెక్కితే పక్క స్టేషనే పాతపట్నం, అది ఆంధ్ర. మా ఆవిడది పాతపట్నం. పెళ్లయి ఒక్క స్టేషన్ దూరం వచ్చిన పాపానికి ఆవిడకి రాష్ట్రం మారింది, రేషన్ కార్డు మారింది, కరెంటు బిల్లు మీద అక్షరాలు మారాయి. సరిహద్దులు మాకేం కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా పుట్టినప్పుడు ఎవరో గీత గీశారు, మేం ఇటు పడ్డాం. ఆ గీతని కనీసం పటంలో వేలు పెట్టి చూపించొచ్చు. సినిమాల మధ్య ఇప్పుడు గీస్తున్న గీతలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో గీసినవాళ్లకి కూడా గుర్తుండదు.

సరే, ఆరున్నర. మొదటి యాప్ తెరిచాను.

రిమోట్‌తో సినిమా పేరు కొట్టడం ఎంత పుణ్యకార్యమో చేసినవాళ్లకే తెలుసు. అక్షరాలన్నీ గళ్లలో కూర్చుని ఉంటాయి. ఒక్కో గడికీ ఒక్కో నొక్కు. ఒక నొక్కు ఎక్కువైతే పక్క అక్షరం పడుతుంది, దాన్ని చెరపబోతే మొత్తం పోతుంది. నా అవస్థ చూడలేక మా అమ్మాయి "నాన్నా, మైకులో చెప్పొచ్చు కదా" అంది. చెప్పాను. టీవీ శ్రద్ధగా విని భోజ్‌పురి పాటలు తెచ్చి పెట్టింది. "నువ్వు బళ్లో తెలుగు మాట్లాడతన్నావు, దానికేటి తెలుస్తది, ఇలాతే" అని అమ్మ రిమోట్ లాక్కుని, మూతి దగ్గర పెట్టుకుని, ఏటి అవతల ఉన్నవాళ్లని పిలిచినట్టు కేకేసింది. ఈసారి వంకాయ కూర వండే వీడియో వచ్చింది. అమ్మ దాన్ని ఆసాంతం చూసింది. "ఉప్పెక్కువేసింది" అని తీర్పు చెప్పి రిమోట్ తిరిగి ఇచ్చింది.

చివరికి పేరు కొట్టడం పూర్తయింది. ఆ సినిమా లేదట. దానికి "దగ్గరగా ఉన్నవి" చూపించింది. ఒక కొరియా ప్రేమకథ, ఒక హంతకుడి కథ, పులుల మీద ఒక డాక్యుమెంటరీ. మా వైపు బస్సు కండక్టర్లు "పక్కనే, దిగి నడవండి" అంటారే, ఆ దగ్గర.

రెండో యాప్‌లో సినిమా ఉంది! బొమ్మ కూడా పడింది. అమ్మ కళ్లజోడు సవరించుకుంది, మా ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. నొక్కాను. "ఈ శీర్షిక ప్రస్తుతం అందుబాటులో లేదు." మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. హాలు కూల్చేసినా గోడ మీద పోస్టరు మిగిలిపోయినట్టు, ఒప్పందం గడువు అయిపోయి సినిమా వెళ్లిపోయింది, బొమ్మ మాత్రం మా కోసం ఉండిపోయింది.

మూడో యాప్ మా అక్క కొడుకు పేరు మీద ఉంది. వాడు సూరత్‌లో మరమగ్గాల మిల్లులో పని చేస్తున్నాడు. గంజాం జిల్లా నుంచి సూరత్ మగ్గాలకి పోయినవాళ్లకి లెక్కే లేదు, మా ఇంటి వంతు వాడొక్కడు. టీవీ ఉన్నట్టుండి మమ్మల్ని గుర్తుపట్టనని చెప్పి, "ఓటీపీ పంపించాం" అంది. ఎక్కడికి? సూరత్‌కి. ఎంతసేపు ఉంటుంది? పది నిమిషాలు. వాడికి ఫోన్ చేశాను. వెనక మగ్గాల మోత.

"మావయ్యా, ఈ టైములో చేశావేటి? అమ్మమ్మ బాగుందా?"

"బాగుందిరా. ఓటీపీ చెప్పు."

"ఆఁ?"

"ఓటీపీ! ఓ-టీ-పీ!"

"బీపీనా? ఎంతుంది?"

ఇక్కడితో ఫోన్ కట్. వాడు తిరిగి నాకు చేయలేదు, బరంపురంలో ఉన్న వాళ్లమ్మకి చేశాడు. మా అక్క నాకు చేసింది. అప్పటికే గొంతు బొంగురుపోయింది. "తమ్ముడూ, అమ్మకి బీపీ ఎంతుందిరా? నిజం చెప్పు" అంది. అమ్మ బాగానే ఉందని, ఇప్పుడే వంకాయ కూరకి వంక పెట్టిందని, సినిమా కోసం ఓటీపీ అడిగానని చెప్పాను. నమ్మలేదు. అమ్మకి ఫోన్ ఇచ్చాను. తల్లీకూతుళ్లు ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. అందులో ఇరవై నిమిషాలు అప్పడాల గురించే. ఈలోగా సూరత్‌లో ఓటీపీ పుట్టి, పెరిగి, కాలం చేసింది. ఇంకోటి పంపమని నొక్కాను, అది వచ్చేసరికి వాడు షిఫ్టులో ఉన్నాడు. మూడోసారి నొక్కాను. "మీరు చాలాసార్లు ప్రయత్నించారు. 24 గంటల తర్వాత రండి" అంది టీవీ. పైసా బాకీ లేకుండా చందా కట్టినవాడిని, మా ఇంటి హాల్లోనే, మా గోడకి వేలాడుతున్న పెట్టె, రేపు రమ్మంది. ఈ మర్యాద ఇంతకుముందు సర్కారు ఆఫీసుల్లో మాత్రమే దొరికేది.

నాలుగోదీ సూరత్ వాడితో పంచుకున్నదే. తెరవగానే ఈ టీవీ "మీ ఇంట్లోది కాదు" అంది. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో మన దేశంలో ఈ కొత్త ధర్మశాస్త్రం మొదలుపెట్టింది: ఒక చందా, ఒక ఇల్లు. మంచిదే. అయితే ఇల్లంటే ఏమిటి? ఉమ్మడి కుటుంబం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చలేక కోర్టులే ఏళ్లకేళ్లు వాయిదాలేస్తుంటే, ఒక వైఫై డబ్బా క్షణంలో తేల్చేస్తోంది. ఉద్యోగానికి సూరత్ పోయినవాడు మన ఇంటివాడు కాడట. ఆ మాట మా అక్కకి చెప్పి చూడండి.

ఐదో యాప్‌లో అదే పేరుతో సినిమా ఆడింది. దొరికింది రా దేవుడా అనుకున్నాం. అమ్మ పది నిమిషాలు ఓపిక పట్టింది. కారు పల్టీలు కొట్టింది, హీరో గాల్లో లేచాడు, ఇంకెవరో కింద పడ్డారు. "ఈ గుంటడెవుడు? నాగేశ్రావు ఎప్పుడొస్తాడు?" అంది. పాత సినిమా పేరు తీసి కొత్త సినిమాకి పెట్టుకునే మన వాళ్ల వినయం వల్ల వచ్చిన చిక్కు అది. నాగేశ్వరరావు రాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తొమ్మిదిన్నరకి అమ్మ పెరుగన్నం తిని పడుకుంది. మూడు గంటలు గడిచాయి. పాత సినిమా నిడివి కూడా అంతే.

ఆ రాత్రి నిద్ర పట్టక ఖర్చు లెక్క వేశాను. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ధరలు తగ్గించాక బేసిక్ చందా నెలకి 199, అంటే ఏడాదికి 2,388. అమెజాన్ ప్రైమ్ 2016లో 499కి రుచి చూపించి, 2021 డిసెంబరుకి 1,499కి తెచ్చింది. పోనీ ఊరుకుందా? 2025 జూన్ నుంచి మధ్యలో ప్రకటనలు వేస్తోంది, అవి వద్దంటే ఇంకో 699 కట్టాలి. జియోసినిమా, హాట్‌స్టార్ 2025 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజు ముహూర్తం చూసుకుని, ఒక్కటయ్యాయి. ఆ కాపురం మొదలైనప్పుడు టీవీలో చూసుకునే సూపర్ చందా ఏడాదికి 899, ప్రకటనలు కట్నం కింద ఉచితం. మొత్తం 5,485 రూపాయలు. ఇంకా తెలుగు గడప తొక్కనేలేదు చూడండి. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5, సోనీ లివ్ వరండాలో బెంచీ మీద కూర్చుని వాళ్ల వంతు కోసం చూస్తున్నాయి.

2025-26లో ఒడిశాలో ఉపాధి హామీ కూలి రోజుకి 273 రూపాయలు. ఆంధ్రలో 307. అంటే ఈ మూడు చందాల కోసం పర్లాకిమిడి కూలీ ఇరవై రోజుల పైచిలుకు మట్టి తవ్వాలి, పాతపట్నం కూలీ పద్దెనిమిది రోజులు తవ్వితే చాలు. మా ఆవిడ ఒక స్టేషన్ దూరం రావడం వల్ల పోగొట్టుకున్నవాటిలో ఆ రెండు రోజులు కూడా రాసుకోవాలి. తవ్వడం అయ్యాక, తలపాగాతో మొహం తుడుచుకుని టీవీ పెడితే, అందులో "మీ కోసం ఎంపిక చేసినవి" అని పారిస్‌లో పిల్ల కష్టాలు.

ఇంత కట్టినా ఒక సినిమా మొత్తంగా ఒకచోట ఉంటుందన్న హామీ లేదు. ఆర్‌ఆర్‌ఆర్ గుర్తుందిగా? 2022 మే 20న ఇళ్లలోకి వచ్చింది. తెలుగులో చూడాలంటే జీ5, హిందీలో చూడాలంటే నెట్‌ఫ్లిక్స్. సినిమా ఒకటే, గుర్రం ఒకటే, పులి ఒకటే, తెలుగు అరుపు ఒక దుకాణంలో, హిందీ అరుపు ఇంకో దుకాణంలో. ఎక్కడో కూర్చుని ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లకి ఇది న్యాయంగానే కనిపించి ఉంటుంది. మా పక్కింట్లో ఉండే రిటైరైన ఒడియా మాస్టారికి హిందీ కావాలి, అమ్మకి తెలుగు కావాలి. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా మా హాల్లో ఒకే సోఫాలో కూర్చుని ఒకే టీవీ చూసినవాళ్లు, ఒకరికి అర్థంకానిది ఇంకొకరు చెప్పుకున్నవాళ్లు. 1936లో గీత గీసినవాళ్లు కూడా ఆ సోఫా మధ్యలోంచి గీయలేదు.

భాష మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. అమ్మకి సులువుగా ఉంటుందని ఒక యాప్‌లో అమరికలన్నీ తెలుగులోకి మార్చాను. "వీక్షణను పునఃప్రారంభించండి." "మీ చందాదారుత్వం యొక్క స్థితిని పరిశీలించండి." "ఈ విషయాంశం గడువు ముగియనున్నది." అమ్మ చదివి, "ఇది వొరగబెట్టిందేటిరా, గరుడపురాణమా?" అంది. వాడుకభాష కోసం జీవితమంతా యుద్ధం చేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. సవరల భాష నేర్చుకుని నిఘంటువు రాసిందీ ఇక్కడి నుంచే. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు బాధతో ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన ఇప్పుడు ఉండి, ఆ "చందాదారుత్వం యొక్క స్థితి" చూసి ఉంటే, రాజమండ్రి దగ్గర కూడా ఆగేవారు కాదు.

ఇప్పుడు దొంగల సంగతి.

మా బజార్లో ఒక మొబైల్ షాపు ఉంది. పదేళ్ల కిందట ఆ కుర్రాడి దగ్గర పని రెండు రకాలు: మెమొరీ కార్డులో పాటలు ఎక్కించడం, సినిమాలు ఎక్కించడం. పాటలకి పది, సినిమాలకి ఇరవై. దసరా ముందు వరస కట్టేవాళ్లు. ఇప్పుడు పాటలు ఎక్కించమని అడిగేవాడు లేడు. మా బజార్లో పాటల దొంగతనం మీద ఎవరూ దాడులు చేసినట్టు నేను వినలేదు, ఏ హీరో చేతులు జోడించి వీడియో పెట్టలేదు. జరిగిందల్లా ఒకటే. ఏ పాటల యాప్ తీసినా దాదాపు అన్ని పాటలూ ఉంటాయి. ఘంటసాల పాటకి ఒక యాప్, సుశీల గొంతుకి ఇంకో యాప్, చరణానికి వేరే చందా అని ఎవరూ అనలేదు. వినేవాడికి దొంగ దగ్గరికి వెళ్లాల్సిన అవసరం తీరిపోయింది, వెళ్లడం మానేశాడు. మధ్యలో ప్రకటన వస్తే తిట్టుకుని వింటాడు, అంతే. సినిమాల వ్యాపారం మాత్రం ఆ కుర్రాడికి బాగానే నడుస్తోంది. "కార్డు పోయి పెన్ డ్రైవ్ వచ్చింది బాబూ, అంతే తేడా" అంటాడు. పక్కపక్కనే ఉన్న రెండు గల్లాపెట్టెల్లో ఒకటి ఎందుకు ఖాళీ అయిందో, రెండోది ఎందుకు నిండుతోందో కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అయినా చదివినవాళ్లు కనిపెట్టారు. ఈవై అనే లెక్కల సంస్థ, ఇంటర్నెట్ కంపెనీల సంఘం కలిసి 2024లో ఒక నివేదిక వేశాయి. 2023లో మన దేశంలో పైరసీ విలువ 22,400 కోట్లట. చూసేవాళ్లలో 51 శాతం మంది దొంగ సరుకు చూస్తున్నారట. ఎందుకు చూస్తున్నారయ్యా అని అడిగితే చందాల ధర, కావలసింది దొరక్కపోవడం, ఇన్నిన్ని చందాలు సంబాళించుకోలేకపోవడం అన్నారట. ప్రకటనలు వేసుకున్నా ఫరవాలేదు, ఊరికే ఇస్తే సక్రమ దారికి వస్తామన్నవాళ్లు 64 శాతం. ఇది చదివి కంపెనీలు ఏం చేశాయి? ప్రకటనలు వేశాయి. ఊరికే ఇవ్వడం మాత్రం మరిచిపోయాయి.

ప్రపంచమంతటా ఇదే బాగోతం. పైరసీ సైట్లకి ఎన్నిసార్లు జనం వెళ్తున్నారో లెక్కపెట్టే మ్యూసో అనే సంస్థ ఉంది. 2020లో 13 వేల కోట్ల సార్లు. 2023కి 22,900 కోట్ల సార్లు. ఆ మూడేళ్లలో కొత్త యాప్‌లు ఎన్ని పుట్టాయో మీరే గుర్తు తెచ్చుకోండి.

2025 నవంబరులో ఐబొమ్మ అనే పైరసీ సైటు నడిపేవాడంటూ ఒకతన్ని హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. అతని హార్డ్ డిస్కుల్లో 21 వేలకి పైగా సినిమాలు దొరికాయని ప్రెస్‌మీట్‌లో చెప్పారు. మేం టిఫిన్ చేస్తూ ఆ వార్త చూస్తున్నాం. అమ్మ ఇడ్లీ ముక్క చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

"ఇరవయ్యొక్క వేలా?"

"అవునమ్మా."

"అయితే అందులో ఉంటాదిరా మనది. ఆ పోలీసు బాబుని ఓపాలి అడుగు."

నాకు నవ్వొచ్చింది, తరవాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? వందేళ్లకి దగ్గరపడుతున్న తెలుగు మాటల సినిమాని వెతుక్కోవడానికి ఒక ముసలమ్మకి మిగిలిన చిరునామా పోలీస్ స్టేషన్‌లో సీలు వేసిన హార్డ్ డిస్కు. వేల కోట్ల పెట్టుబడులతో వచ్చిన కంపెనీల్లో ఒక్కటి కూడా తెలుగువాళ్ల పాత సినిమాలన్నీ ఒకచోట పేర్చి పెట్టలేదు. దొంగ పేర్చాడు. ఆ సినిమాల్లో నటించినవాళ్ల పేరు మీద విగ్రహాలున్నాయి, అవార్డులున్నాయి, జయంతులకి దండలున్నాయి. సినిమా ఏదీ అంటే హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవాలంటారు.

అతనికి అప్పట్లో సోషల్ మీడియాలో జనం హారతులు పట్టారు. పేదల పాలిట దేవుడన్నారు. నేను ఆ భజనలో కలవను. ఆ సైట్లలో ఒకసారి నొక్కితే నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి, నాలుగింట్లోనూ బెట్టింగ్ యాప్‌లే. మా వీధిలో ఒక కుర్రాడు ఊరికే వచ్చిన సినిమా చూడబోయి, ఆ పక్కన మెరిసినదాన్ని నొక్కి, నాలుగు నెలల్లో బండి అమ్ముకున్నాడు. యాప్‌కి 199 దండగ అనుకున్నవాడి దగ్గర దొంగ ఎనభై వేలు లాగాడు. దేవుడట, దేవుడు.

కానీ దొంగని తిట్టేటప్పుడు మన పెద్దలు ఎత్తుకునే పాట ఒకటుంది చూశారూ, అది వినగానే నాకు ఒళ్లు మండుతుంది. "పైరసీ చూస్తే లైట్‌బాయ్ పొట్ట కొట్టినట్టే." ప్రతిసారీ లైట్‌బాయే. హీరోగారి పొట్ట మీద ఎవరూ కొట్టరు కాబోలు. ఆ లైట్‌బాయ్‌లూ, డ్రైవర్లూ, మేకప్ వాళ్లూ 2025 ఆగస్టులో 30 శాతం కూలి పెంచమని సమ్మె చేస్తే షూటింగులు రెండు వారాలకి పైగా ఆగిపోయాయి. అప్పుడు ఈ పెద్దమనుషుల నోట లైట్‌బాయ్ పొట్ట మాట వచ్చిందా? నిర్మాత నష్టపోతున్నాడన్నారు, ఖర్చులు పెరిగాయన్నారు, రోజుల తరబడి బేరాలాడారు. ఓటీటీకి కోట్లకి అమ్మినప్పుడు అందులో లైట్‌బాయ్‌కి పైసా వాటా రాశారా? రాయలేదు. మరి పోయినప్పుడు మాత్రం వాడి పొట్ట ఎందుకు ముందుకి తోస్తారయ్యా? వాడిని అడ్డం పెట్టుకుని మమ్మల్ని సిగ్గుపడమంటారా? సిగ్గుపడాల్సింది ఎవరు? నెలనెలా ఐదు చోట్ల డబ్బు కట్టి, ఒక ముసలిదానికి ఒక సినిమా చూపించలేక, మా ఇంట్లో మేమే దొంగల్లా ఓటీపీల చుట్టూ తిరిగిన మేమా?

చట్టం ఉంది, లేకేం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో కెమెరా పెట్టి తీసినవాడికి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, కనీసం మూడు లక్షల జరిమానా, అది సినిమా ఖర్చులో అయిదు శాతం దాకా పోవచ్చు. బాగుంది. సినిమా దొంగిలించినవాడికి శిక్ష రాశారు. డబ్బు తీసుకుని సినిమా దాచేసినవాడి పేరు ఆ చట్టంలో ఏ పేజీలోనూ లేదు.

తరవాతి ఆదివారం ఒడియా మాస్టారు వచ్చారు. ముప్పై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి. చిల్లర రూపాయి ఎక్కువిచ్చిన కొట్టువాడిని వెతుక్కుంటూ వెళ్లి తిరిగి ఇచ్చే రకం. అమ్మ ఆయనకి వంకాయ కూర దగ్గర మొదలుపెట్టి సూరత్ బీపీ దాకా అంతా చెప్పింది. ఆయన టీ తాగి, ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చారు. చొక్కా జేబులోంచి పెన్ డ్రైవ్ తీసి, నా మొహం చూడకుండా, "మావుసీకి" (ఒడియాలో పిన్నికి) అని టేబుల్ మీద పెట్టారు. పరీక్షలో కాపీ కొట్టిన కుర్రాడి మొహం ఎలా ఉంటుందో ఆయనకి నాకన్నా బాగా తెలుసు, అందుకే చూడలేదనుకుంటాను.

టీవీకి గుచ్చాను. ఓటీపీ అడగలేదు. నువ్వెవరివి, ఏ ఇంటివాడివి అనలేదు. తెర మీద గీతలు పడ్డాయి, పేర్లు వచ్చాయి, పాత వీణ మోగింది. అమ్మ కాళ్లు సోఫా మీద పైకి పెట్టుకుంది. మాస్టారు పక్కన కూర్చున్నారు, మా ఆవిడ ఆయనకి కథ చెబుతోంది. నాగేశ్వరరావు సైకిల్ మీద వచ్చాడు. అమ్మ వేలు పెట్టి చూపించి, "ఇక్కడే మీ నాన్న ఈలేశాడు" అంది. నాన్న ఈల వేయగలడని నాకు ఆ రోజు దాకా తెలియదు.

కాసేపయ్యాక తెర కుడివైపు పైమూలన ఏదో గుర్తు ఉన్నట్టు అమ్మ కనిపెట్టింది.

"ఆ మూలన ఆ బొమ్మేటిరా?"

చూశాను. రెండో యాప్ గుర్తు. బొమ్మ చూపించి సినిమా లేదన్నదే, అది.

"మనం నెలనెలా డబ్బు కడుతున్న కంపెనీదమ్మా."

అమ్మ తృప్తిగా తలాడించింది. "మంచోలేరా పాపం" అంది.